బాబాయ్ కుడి చెవి

సినిమావాళ్ళంతా బాబాయ్ అని పిలుచుకునే పెద్ద నటుడు పోయిన తీరు చూసి వచ్చినవాళ్ళంతా "అదృష్టవంతుడు, నిద్రలోకి జారుకున్నట్టు పోయాడు" అన్నారు. ఆ చావు నచ్చనిది ఒక్క ఆయన చెల్లెలికే.

"మా అన్నయ్య ఇలా చచ్చిపోడు తల్లీ," అందావిడ మూడో అంతస్తులో రిహార్సల్ గది గుమ్మం దగ్గర నిలబడి. "చొక్కా నలగలేదు. కళ్ళజోడు మడిచి కిటికీ గట్టు మీద పెట్టాడు. ఎడమ చెయ్యి గుండె మీద, తల కుడి భుజం మీదికి వాలి, పెదాల మీద ఇంత నవ్వు. మా ఆయన గుండె ఆగిపోయినప్పుడు పక్కనే ఉన్నాను కదా. దుప్పటి పీకేశాడు, మంచం పక్క స్టూలు తన్నేశాడు, నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దించాడు. చావంటే అదీ. ఇది చావులా లేదు. సీనులా ఉంది."

బేబీ గది మధ్య ఖాళీగా ఉన్న పేము కుర్చీని చూస్తోంది.

బేబీకి నలభై ఆరేళ్ళు. చెవుల పక్కన జుట్టు నెరిసింది. ప్రైవేటు డిటెక్టివ్‌గా ఆమె పేరు వింటే కొందరు పెద్దమనుషులకి ముద్ద దిగదు. అయినా సినిమావాళ్ళకి ఆమె ఇంకా బేబీయే. ఆరేళ్ళ వయసులో ఒకే ఒక్క సినిమాలో, బాబాయ్ కూతురిగా నటించింది. ఆ సినిమా ఆడలేదు కానీ ఆ పిలుపు మాత్రం వదల్లేదు. షూటింగ్ అయిపోయాక కూడా ఆయన్ని నాన్నా అని పిలవడం ఆమె మానలేదు, ఆయన మాన్పించలేదు. నాన్న చెల్లెలు కాబట్టి ఈవిడ అత్తయ్య అయింది. పొద్దున్నే ఫోన్ చేసి, "నువ్వొకసారి వచ్చి చూడు, నాకు మనసు మనసులో లేదు" అన్నదీ ఈవిడే.

కింద హాల్లో పూల మధ్య బాబాయ్ ఉన్నాడు. ముంగిట్లో టీవీల మైకులు గుత్తులుగా కట్టి పెట్టారు. వచ్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నివాళులు చెబుతుంటే ఆ మాటలు కిటికీలోంచి పైకి వస్తున్నాయి. అమ్మ వేషాలు వేసే నటి గొంతు పూడుకుపోయి వినిపిస్తోంది. "ఇరవై సినిమాల్లో నన్ను విధవరాల్ని చేశాడండీ ఈ మహానుభావుడు. ప్రతిసారీ గ్లిజరిన్ పెట్టుకునేదాన్ని. 'నా చావుకి ఒక్కసారైనా సొంత కన్నీళ్ళు పెట్టవే' అని ఏడిపించేవాడు. ఇదిగో, పెడుతున్నాను. చూడమనండి..."

బేబీ కుర్చీ దగ్గరికి నడిచింది.

"ఏం బేబీగారూ, ఆడుకోవడానికి వచ్చారా?"

వెనక ఇన్‌స్పెక్టర్. ఇస్త్రీ మడత చెదరని యూనిఫాం, మొహం మీద చిరాకు. ఈ ఇద్దరికీ పాత కక్ష ఉంది. ఆయన ఆత్మహత్య అని మూసేసిన ఒక కేసుని బేబీ తవ్వి హత్య అని తేల్చింది. దాంతో ఆయనకి రావలసిన ప్రమోషన్ రాలేదు. ఆ సంగతి ఆయన మర్చిపోలేదు, ఎవర్నీ మర్చిపోనివ్వలేదు.

"పని మీదే వచ్చాను ఇన్‌స్పెక్టర్ గారూ. తలుపు ఎవరు పగలగొట్టారు?"

"మీకు చెప్పాల్సిన అవసరం నాకు లేదు. కానీ పెద్దావిడ ఎదురుగా ఉన్నారు కాబట్టి ఒక్కసారి చెబుతాను, చెవిన పెట్టుకోండి." ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "పొద్దున ఈవిడ తలుపు కొడితే పలకలేదు. బాల్కనీలోంచి అరిస్తే ఎదురు బిల్డింగులోంచి డైరెక్టర్ గారు, ఆయన అసోసియేటు పరిగెత్తుకొచ్చి తలుపు పగలగొట్టారు. గడియ లోపల్నుంచి వేసుంది, విరిగిన ముక్క చూడండి. కిటికీకి ఇనప ఊచలు. పెద్దాయనకి గుండె జబ్బు. ఫ్యామిలీ డాక్టర్ చూసి గుండె ఆగిందని రాసిచ్చారు. మధ్యాహ్నం రెండింటికి అంతిమయాత్ర బండి బయల్దేరుతుంది. ఇందులోకి హత్య ఎక్కణ్ణుంచి దూరిందో చెప్పండి?"

"ఆయన మందులు చూశారా?"

"ఎందుకు చూడను? వారానికి సరిపడా గళ్ళ డబ్బా ఉంది. ఒక్క మాత్ర అటూ ఇటూ కాలేదు."

"నిన్న రాత్రి వేసుకోవలసింది?"

"డబ్బాలోనే ఉంది. అది వేసుకునేలోపే పోయాడు పాపం."

బేబీ చిన్న బల్ల వైపు చూపించింది. దాని మీద సగం తాగిన నీళ్ళ గ్లాసు. "మరి ఈ నీళ్ళు దేనికి తాగాడు?"

"దాహానికి! ఏమండీ, మనుషులు నీళ్ళు కూడా తాగకూడదా?"

"దాహానికి కాదు," అంది అత్తయ్య మెల్లిగా. "మాత్రలకే. నేను విన్నాను."

ఇన్‌స్పెక్టర్ మొహం చిట్లించాడు. బేబీ ఆవిడ భుజం పట్టి పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టింది. "అత్తయ్యా, నిన్న సాయంత్రం ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పండి. ఏం విన్నారో అదే చెప్పండి. దానికి అర్థం నేను చూసుకుంటాను."

"వీధి దీపాలు వెలిగాయి. కాఫీ పట్టుకుని పైకొచ్చాను. తలుపు గడియ వేసుంది. రిహార్సల్ చేసేటప్పుడు ఎప్పుడూ అంతే, తలుపు కొడితే కోప్పడతాడు. లోపల్నుంచి డైలాగు వినిపిస్తోంది. 'ఈ భారం ఇంక మోయలేనురా, పెద్దోడా' అని. ఎల్లుండి తియ్యబోయే సీను అది. తండ్రి మాత్రలు మింగి, కొడుకు కోసం కిటికీలోంచి చూస్తూ కుర్చీలో చచ్చిపోతాడు. వారం నుంచీ అదే చదువుతున్నాడు."

"తర్వాత?"

"మాత్రలు గలగలమన్నాయి, నీళ్ళు తాగిన చప్పుడైంది. కాసేపాగి, 'ఇవాళ ఇవి చేదుగా ఉన్నాయేంటి?' అన్నాడు. మళ్ళీ కాసేపాగి, 'సరే, వన్ మోర్' అన్నాడు. మళ్ళీ మొదటి నుంచీ అదే డైలాగు, మళ్ళీ నీళ్ళు. మళ్ళీ 'వన్ మోరా? సరే, కుర్చీ ఇంకాస్త తిప్పనా?' అన్నాడు. కుర్చీ జరిపిన చప్పుడు కూడా అయింది. కాఫీ చల్లారిపోతోందని నేను కిందికి వెళ్ళిపోయాను." ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "భోజనానికి రాకపోతే పడుకున్నాడేమో అనుకున్నానే తప్ప... డాక్టరుతో కూడా చెప్పాను ఇందాక. దుఃఖంలో లేనిపోనివి వినిపిస్తాయమ్మా అన్నాడు."

"ఫోన్‌లో మాట్లాడుతున్నాడేమో?" అడిగింది బేబీ.

"ఫోన్ కింద హాల్లో చార్జింగులో ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సాయంత్రం నుంచి ఒక్క కాల్ లేదు. నేను చూడకుండా ఉంటానా? ముసలాయన తనలో తను మాట్లాడుకున్నాడు. యాక్టర్లకి అది మామూలే."

బేబీ వెళ్ళి పేము కుర్చీలో కూర్చుంది. అత్తయ్య వద్దన్నట్టు చెయ్యెత్తి, మళ్ళీ దించేసింది. కూర్చున్నాక బేబీకి కిటికీలోంచి ఎదురు బిల్డింగు తప్ప ఇంకేమీ కనిపించలేదు. సన్నటి వీధి, దాని అవతల మూడో అంతస్తులో తెర తీసి ఉన్న కిటికీ, లోపల ఒక కుర్చీ వీపు.

"అది ఎవరిది?"

"డైరెక్టర్ ఆఫీసు. అన్నయ్యకి దగ్గరగా ఉండాలని రెండేళ్ళ కింద ఇక్కడికి మార్చాడు."

"రోజూ ఈ కుర్చీ ఎటు తిరిగి ఉంటుంది?"

"గోడ వైపు. వెలుతురు కళ్ళలో పడితే ఆయనకి సరిపడదు."

బేబీ కళ్ళు మూసుకుని ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుంది. తల కుడి వైపుకి వాల్చింది. చెవి కుర్చీ చేతికి దగ్గరగా వచ్చింది. అలాగే ఉండి, కుడి చేత్తో దిండుకీ కుర్చీ చేతికీ మధ్య సందు వెతికింది. వేళ్ళకి ముందు పేము ముల్లు గుచ్చుకుంది, తర్వాత మెత్తటి దుమ్ము, ఆ తర్వాత గట్టిగా ఏదో తగిలింది. పైకి తీసింది.

చిక్కుడు గింజంత ఉంది. మనిషి చర్మం రంగు.

ఇన్‌స్పెక్టర్ పెదవి విరిచాడు. "చెవిటి మిషన్. ముసలాయన, మామూలే."

"బాబాయ్‌కి చెవుడు ఉందని మీకెవరు చెప్పారు?"

"ఉండదా ఏం?"

"ఉంది. ఎడమ చెవికి. ఒక ఫైటింగు సీన్లో బాంబు దగ్గరగా పేలి పోయింది. వేషాలు రావని ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పుడు నేను ఆ చెవిలో రహస్యం చెప్పబోతే, 'ఇటు చెప్పు తల్లీ, అటు చెబితే అది నాక్కూడా తెలియని రహస్యమైపోతుంది' అనేవాడు." బేబీ ఆ గింజని వెలుతురులోకి ఎత్తింది. "ఈ వంపు చూడండి. ఇది కుడి చెవిది. బాగా వినపడే చెవిలో మిషన్ ఎందుకు పెట్టుకున్నాడు?"

అత్తయ్య తల దించుకుంది.

"మీకు తెలుసు," అంది బేబీ.

"ఆయన ఒట్టు వేయించుకున్నాడు."

"ఒట్టు వేయించుకున్నవాడు లేడు అత్తయ్యా."

ఆవిడ నేలకేసి చూస్తూ, "జోరీగని పిలువు. వాడే చెప్పాలి," అంది.

జోరీగ అంటే డైరెక్టర్ దగ్గర పని చేసే అసోసియేటు. యాభై దాటిన మనిషి. సెట్లో నటుల చెవుల పక్కన చేరి డైలాగులు అందిస్తాడు కాబట్టి యూనిట్ అంతా ఆ పేరు పెట్టింది. అతనూ దానికే పలుకుతాడు. కానిస్టేబుల్ వెళ్ళి పిలుచుకొస్తే కళ్ళు వాచిపోయి వచ్చాడు. బేబీ అరచేతిలో ఉన్నది చూడగానే ఉన్న కాస్త రంగూ పోయింది.

"అది మీ దగ్గరికెలా వచ్చింది?"

"మీరు చెప్పండి, ఇది బాబాయ్ దగ్గరికెలా వచ్చింది?"

"నాకేం తెలీదండీ."

"గుమ్మడికాయల దొంగ అనకుండానే భుజాలు తడుముకుంటున్నాడు చూడండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. పని దొరికినట్టు హుషారుగా అతని కాలరు పట్టుకోబోయాడు. బేబీ మధ్యలోకి వచ్చింది.

"ఆయన పరువు కాపాడుతున్నావు. అర్థమైంది. కానీ ఆయన్ని చంపినవాడు కింద పూలదండ వేసి ఫొటో దిగుతున్నాడనుకో. అప్పుడు కూడా ఆ పరువే ముఖ్యమా?"

జోరీగ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"రెండేళ్ళయిందండీ, మతిమరుపు పట్టుకుని. ఒకప్పుడు నాలుగు పేజీలు ఒక్కసారి చదివి అప్పజెప్పేవారు. అలాంటి మనిషి కెమెరా ముందు నిలబడి నా మొహం చూసేవారు, 'నేనెవర్ని రా ఇందులో' అన్నట్టు. బయట తెలిస్తే వేషాలు పోతాయి. వేషం లేకపోతే ఆయన వారం కూడా బతకరు. అందుకే నేనే ఈ యంత్రం తెప్పించాను. దీనికి అగ్గిపెట్టంత మైకు ఉంటుంది. నేను కెమెరా వెనక నుంచి మెల్లిగా చెబితే ఆయన చెవిలో పడేది, నోట్లోంచి అలా వచ్చేసేది. చెవిలో ఏ మాట పడితే అది చేసెయ్యడం అలవాటైపోయింది ఆయనకి. నేను ఒకసారి పక్కవాడితో 'ఆ ఫ్యాను కట్టెయ్' అంటే, సీను మధ్యలో లేచి వెళ్ళి ఫ్యాను కట్టేశారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది."

కింద నుంచి హీరో గొంతు వినిపిస్తోంది. పదకొండు సినిమాల్లో తనని కన్న తండ్రి అని చెబుతున్నాడు.

"నిన్న సాయంత్రం నువ్వెక్కడ ఉన్నావు?"

"డబ్బింగ్ థియేటర్లో. పదిమంది ఉన్నారు, అడగండి."

"ఆ మైకు?"

"ఆఫీసు బీరువాలో పెట్టె ఉంటుంది. అందులోనే మైకు, ఎల్లుండి సీనుకి కావలసిన మాత్రల సీసా. సీసాలో ఉన్నవి మాత్రలు కాదండీ, పిప్పరమెంటు బిళ్ళలు. ఇవాళ పొద్దున చూస్తే మైకూ లేదు, సీసా లేదు. రిహార్సల్‌కి బాబాయే తెప్పించుకున్నారేమో అనుకున్నా."

"పిప్పరమెంటు చేదుగా ఉంటుందా?"

జోరీగకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టర్‌కి అర్థమైంది. ఆయన అత్తయ్య వైపు చూసి, చూపు పక్కకి తిప్పుకున్నాడు.

"ఇంకొకటి," అంది బేబీ. "నువ్వు ఆయన చెవిలో ఎప్పుడైనా 'వన్ మోర్' అన్నావా?"

"అయ్యో, నేనెవర్నండీ ఆ మాట అనడానికి? నా పని మాటలు అందించడం వరకే. ఎటు తిరగాలి, చెయ్యి ఎక్కడ పెట్టాలి, మళ్ళీ చెయ్యాలా వద్దా, అవేవీ నా నోట రాకూడదు. సెట్లో ఆ మాట అనే మనిషి ఒక్కడే ఉంటాడు."

కింద చప్పట్లు వినిపించాయి. ఎవరో మైకులో "ఇప్పుడు మన డైరెక్టర్ గారు" అన్నారు.

ఇన్‌స్పెక్టర్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఆగండి, ఆగండి. డైరెక్టర్ ఈ ముసలాయన్ని గురువు అంటాడు. పొద్దున శవం మీద పడి ఏడ్చాడు. ఎందుకు చంపుతాడు?"

"శవం మీద పడి ఏడ్చాడా?" బేబీ అత్తయ్య వైపు తిరిగింది. "ఎంతసేపు?"

"విడిపించలేకపోయాం. మొహంలో మొహం పెట్టి, చెంపలు నిమిరి, చెవులు నిమిరి... బల్ల దగ్గర కూలబడి..." ఆవిడ మాట మధ్యలోనే ఆగిపోయింది. "బల్ల మీద చిన్న సీసా ఉంది తల్లీ. తలుపు విరగ్గానే చూశాను. తర్వాత లేదు. నా కళ్ళే భ్రమపడ్డాయి అనుకున్నాను."

"అతను వెతికిన సీసా దొరికింది. చెవిలోది మాత్రం దొరకలేదు, అప్పటికే కుర్చీ సందులోకి జారిపోయింది." బేబీ మళ్ళీ జోరీగ ముందు కూర్చుంది. "ఈమధ్య బాబాయ్ సెట్లో వింతగా ఏమైనా మాట్లాడాడా?"

"మొన్న క్లోజప్‌లో. నేను అందించింది ఒకటి, ఆయన అన్నది ఒకటి. 'తాడు పాతదని నీకు తెలుసు. తెలిసీ వాణ్ణి మళ్ళీ ఎక్కించావు' అన్నారు. ఏ సినిమా డైలాగో గుర్తొచ్చిందనుకుని మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అదే అన్నారు. ఈసారి డైరెక్టర్ గారి కళ్ళలోకి చూసి. షూటింగ్ అక్కడితో ఆపేశారు."

అత్తయ్య తలెత్తింది.

"అది డైలాగు కాదు," అంది. "డైరెక్టర్ మొదటి సినిమా అది. ఇరవై ఏళ్ళు దాటింది. ఫైటరు కుర్రాడొకడు తాడు మీద నుంచి పడి పోయాడు. తాడు పోగులు లేస్తోందని ఫైట్ మాస్టరు చెప్పినా ఈ డైరెక్టర్ వినలేదట. కుర్రాడు చచ్చిపోయాక, తాగి ఎక్కాడని రాయించారు. అన్నయ్య అంతా చూశాడు, నోరు మూసుకున్నాడు. కొత్త డైరెక్టర్, మొదటి సినిమా, జీవితం పాడవుతుందని. ఆ తర్వాత ఏ రోజూ తిన్నగా నిద్రపోలేదు. ఈమధ్య పొద్దున తిన్నది మర్చిపోయేవాడు కానీ అది మాత్రం మర్చిపోలేదు."

"తాగి ఎక్కాడని రాసిందెవరు?"

"సెట్ డాక్టరు. ఇప్పుడు మా ఇంటి డాక్టరు కూడా ఆయనే."

ఇన్‌స్పెక్టర్ కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. గొంతు తగ్గించి, బేబీకి మాత్రమే వినపడేలా అన్నాడు. "సీసాలో మాత్రలు మార్చి ఇచ్చి, ఎదురు కిటికీలోంచి చూస్తూ ఆయన చెవిలో 'వన్ మోర్' అని మళ్ళీ మళ్ళీ మింగించాడని మీరంటున్నది నేను నమ్ముతున్నాననుకోండి. అయినా ఏం లాభం? మైకు లేదు, సీసా లేదు. ముసలావిడ తలుపు బయట విన్న మాటలు, కుర్చీలో దొరికిన ఓ గింజ. ఇంతే కదా. కింద వాడు మంత్రుల మధ్య నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే రేపు నా ఉద్యోగం ఉండదు. మీకేం, మీరు మళ్ళీ పేపర్లో పడతారు."

"నేను పేపర్లో పడటానికి రాలేదు. కింద పూల మధ్య ఉన్నది నాన్న." తర్వాత మెల్లిగా అంది. "రెండింటికి బండి కదిలితే, సాయంత్రానికి సాక్ష్యం బూడిదైపోతుంది. పోస్ట్‌మార్టం అడగండి. అత్తయ్య సంతకం పెడుతుంది."

"ముందు ఇది పని చేస్తుందో లేదో చూడనివ్వండి. ఇంత గింజలోంచి మనిషికి మాట వినపడుతుందంటే జడ్జిగారి కంటే ముందు నేను నమ్మాలి."

జోరీగ చొక్కా జేబులోంచి మెంతి గింజంత బ్యాటరీ తీసి మార్చి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టర్ అదేదో ఎంగిలి వస్తువులా రెండు వేళ్ళతో పట్టుకుని చెవిలో పెట్టుకున్నాడు.

"ఏముంది, హోరు. గవ్వ పెట్టుకున్నట్టు..."

అక్కడితో ఆగిపోయాడు. కిటికీలోంచి డైరెక్టర్ గొంతు, మైకు ప్రతిధ్వనితో పలచగా వస్తోంది. "వన్ మోర్ అంటే కాదనని మహానుభావుడు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా మళ్ళీ మొదటి నుంచీ చేసేవారు. రోజూ ఆ కిటికీలో దీపం ఆరాకే నేను నిద్రపోయేవాణ్ణి..."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి మెల్లిగా తన చెవి మీదికి వెళ్ళింది. ఆయన మొహంలో వెటకారం ఎటు పోయిందో తెలీదు.

"ఏమైంది?"

"లోపల వినపడుతోంది," అన్నాడు గుసగుసగా. "ఇదే స్పీచి. గుడ్డకి రాసుకుంటున్న చప్పుడు. ఊపిరి కూడా వినపడుతోంది. వాడి కోటు జేబులోంచి."

జోరీగ నోరు తెరిచాడు. "ఆర్పడం రాలేదు ఆయనకి! బొత్తాం ఒకసారి నొక్కితే లైటు ఆరుతుంది, మైకు ఆరదు. గట్టిగా పట్టుకుని ఉంచాలి. అది నాకొక్కడికే..."

"ఉష్!"

అత్తయ్య రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుంది. చచ్చిపోయిన అన్న చెవిలో పడాల్సిన నివాళి పోలీసువాడి చెవిలో పడుతోంది. కింద స్పీచి ముగిసింది, చప్పట్లు, ఏడుపులు. ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన పెదాలు కదిలాయి. విన్నది విన్నట్టు, రంగూ రుచీ లేని గొంతుతో అప్పజెప్పడం మొదలుపెట్టాడు.

"'పొద్దున ముసలామె నీతో ఏమంది...' ఇంకోడు మాట్లాడుతున్నాడు, దూరంగా ఉన్నాడు. '...తలుపు బయట అంతా విన్నదట. చేదుగా ఉన్నాయన్న మాట కూడా...' మళ్ళీ డైరెక్టర్. 'పైన పోలీసువాడి దగ్గరే ఉంది. బేబీ కూడా ఉంది...' ఇంకోడు. 'నిద్రకి ఇంజక్షన్ ఇస్తానంటే ఎవరు కాదంటారు? అన్న పోయిన దుఃఖంలో చెల్లెలు పోవడం లోకంలో లేనిదా? నేను చూసుకుంటా.'"

ఇన్‌స్పెక్టర్ కళ్ళు తెరిచాడు. "డాక్టరు. బయల్దేరాడు."

బేబీ అత్తయ్య చెయ్యి పట్టుకుంది. "లేవండి, పక్క గదిలోకి..."

"ఉండు," అంది ఆవిడ.

ఆ గొంతు బేబీ ఎప్పుడూ వినలేదు. అత్తయ్య చీర కొంగు సర్దుకుంది, కళ్ళు తుడుచుకోబోయి మానేసింది. "నేను దాక్కుంటే వాడు సూది జేబులో పెట్టుకుని వెళ్ళిపోతాడు. అప్పుడు మీ దగ్గర ఏముంటుంది? చెవిలో విన్న మాట. నన్ను ఇక్కడే ఉండనియ్యి. నలభై ఏళ్ళు మా అన్నయ్యకి ఎదురు డైలాగులు చదివి పెట్టింది నేనే కదా. ఒక్క సీను చెయ్యలేనా?"

మెట్ల మీద అడుగుల చప్పుడు. ఇన్‌స్పెక్టర్ ఇంకో మాట మాట్లాడకుండా తలుపు వెనక్కి జరిగాడు. కానిస్టేబుల్ జోరీగని గది మూలనున్న బీరువా చాటుకి లాగాడు. బేబీ కిటికీ దగ్గర నిలబడి ముఖం అటు తిప్పుకుంది, ఏడుస్తున్న ఆడపిల్లలా.

డాక్టరు లోపలికి వచ్చాడు. నెరిసిన జుట్టు, చల్లటి నవ్వు, చేతిలో నల్ల బ్యాగు. "ఇంకా ఏడుస్తూనే ఉన్నారా అమ్మా? రాత్రంతా కన్ను మూయలేదట. ఇలాగైతే మీరూ పడిపోతారు. ఏమ్మా బేబీ, నువ్వైనా చెప్పకూడదూ?"

"నా మాట ఎక్కడ వింటారు డాక్టరుగారూ," అంది బేబీ వెనక్కి తిరక్కుండా.

"కాస్త నిద్రపడితే అంతా సర్దుకుంటుంది. చెయ్యి ఇలా ఇవ్వండి."

"ఇవ్వు నాయనా," అంది అత్తయ్య. నీరసంగా, ఎక్కడో ఆలోచిస్తున్నట్టుగా. రవిక చెయ్యి తనే పైకి మడిచింది. "నిద్రే కావాలి నాకు. మా అన్నయ్య దగ్గరికి వెళ్ళినట్టుండే నిద్ర." ఆవిడ కనురెప్ప కూడా వణకలేదు.

డాక్టరు బ్యాగు తెరిచాడు. మందు సీసా బయటికి తియ్యలేదు. సిరంజి ముందే నింపి ఉంది.

సూది చర్మానికి అంగుళం దూరంలో ఉండగా ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఆయన మణికట్టు మీద పడింది. ఎముక పటపటమంది. సిరంజి నేల మీద దొర్లింది, పగలలేదు. బేబీ దాన్ని రుమాలుతో తీసింది. డాక్టరు నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని ఎలా తీసెయ్యాలో తెలియనట్టు.

"ఇదేమిటి ఇన్‌స్పెక్టర్, ఇది మామూలు..."

"మామూలుదైతే నీ చేతికే పొడిచి చూద్దామా?"

అత్తయ్య రవిక చెయ్యి దించుకుంది. అప్పుడు మొదలైంది ఆవిడకి వణుకు, పళ్ళు కొట్టుకునేంత వణుకు. బేబీ ఆవిడ్ని గుండెకి అదుముకుంది. ఆవిడ నోటి నుంచి "అన్నయ్య మంచివాడే, నోరు మూసుకోవడం ఒక్కటే..." అన్న మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది.

కానిస్టేబుల్ డాక్టరు చేతులకి బేడీలు వేశాడు. ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్ తీశాడు. బేబీ వైపు చూడకుండా, "పోస్ట్‌మార్టం అడుగుతున్నాను. బండి కదలదు," అన్నాడు. అదే ఆయన చెప్పగలిగిన క్షమాపణ. బేబీ దాన్ని అలాగే తీసుకుంది.

"గేట్లు మూయించండి," అంది. "వాడు ఇంకా మైకుల దగ్గరే ఉన్నాడా? ఏమంటున్నాడు?"

ఇన్‌స్పెక్టర్ చెవి మీద వేలు పెట్టుకుని విన్నాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఎవరికో దండం పెడుతున్నట్టున్నాడు... 'మైకు పెట్టుకోవాలా, ఒక్క నిమిషం' అంటున్నాడు... టీవీవాడు కోటుకి మైకు తగిలిస్తున్నాడు... 'సార్, మీ జేబులో ఇంకేదో మైకు ఆన్‌లో ఉన్నట్టుంది, మా దాంట్లో గీ అని వస్తోంది' అన్నాడు వాడు..."

"తర్వాత?"

"ఏమీ లేదు. ఊపిరి." కాసేపాగి ఆయన చెవిలోంచి గింజ తీసి అరచేతిలో చూసుకున్నాడు. "కట్టేశాడు. గట్టిగా పట్టుకుని నొక్కినట్టున్నాడు."

బేబీ ఒక్క అంగలో కిటికీ దగ్గరికి చేరింది. కింద మనుషులు, కెమెరాలు, పూలు. మైకుల గుత్తి ముందు టీవీ కుర్రాడు ఒక్కడే నిలబడి ఉన్నాడు, చేతిలో డైరెక్టర్ వదిలేసిపోయిన ఖాళీ కోటు పట్టుకుని, ఎటు చూడాలో తెలియక.